ప్రియజనుల ఛాయాచిత్రములు

2006వ సంవత్సరము ఆగస్టు 7వ తేదీ మొదలు కొన్ని దినములపాటు సూరత్ నగరములో అధికభాగము నీటిలో మునిగియుండెను. ఎగువనున్న ఉకాయి ఆనకట్టనుండి తాపీనదిలోనికి విడిచిన ప్రవాహము సుమారు 9 లక్షల క్యూసెక్కులవరకు పెరిగెను. నదికి ఇరువైపుల నున్న పేటలలో జనులు మేడలమీదికెక్కి కూర్చుండిరి. నీరు తీసిన పిమ్మట నష్టమునకు లెక్కలు కట్టుట మొదలయ్యెను. మరమగ్గములు, వజ్రములు సానబట్టు యంత్రములు, జరీ దుకాణములు, చీరెల గిడ్డంగులు, ఇవి యన్నియు రూపాయలలో చెప్పదగిన నష్టములు. కాని వరదలో మునిగిన ప్రతి ఇంటిలోను రూపాయలలోనికి రాని నష్టము మరియొకటి ఉండును. ఇనుపపెట్టె అడుగున, పట్టుబట్టలకు క్రింద, పెండ్లినాటి ఫోటోల పుస్తకము బురదనీరు త్రాగి ఇటుకవలె గట్టిపడియుండును. పుటను విప్పబోయినచో ఎదుటి పుటలోని ముఖము దీనికి అంటుకొని వచ్చును. ఆ ముద్దను చేత పట్టుకొని గడపలో నిలుచున్న ఇల్లాలు దానిని ఏమని చెప్పి పరిహారము అడుగగలదు? బియ్యము మరల కొనవచ్చును, మంచము మరల చేయించవచ్చును. చనిపోయిన తండ్రి నవ్వుచున్న ఫోటో ఏ అంగడిలోను దొరకదు.

ఈ దుఃఖమును చూచి పెదవి విరుచువారు రెండు తెగలవారు. వ్యవహారజ్ఞుడు, మనిషే పోయిన తరువాత కాగితమున కేమి ఏడ్పు అనును. విరాగి అంతకంటె లోతుగా వాదించును. దేహమే నిలుచునది కానప్పుడు దేహపు నీడను దాచుకొనుట ఏల, మోహమును పటము కట్టించి గోడకు వ్రేలాడదీయుట ఏల అని యడుగును. మొదటివాని మాటకు సమాధానము చెప్పనక్కరలేదు. వాని ఇల్లాలే చెప్పును. రెండవవాని ప్రశ్న మాత్రము తోసివేయదగినది కాదు. వేదాంతులు ప్రతి వస్తువునందును ఐదంశములు చెప్పుదురు: ఉండుట, తోచుట, ప్రియమగుట, రూపము, నామము. ఇందు మొదటి మూడును నిత్యమనియు, కడపటి రెండును మారిపోవు జగత్తునకు చెందినవనియు వారి సిద్ధాంతము. ఆ లెక్కలో ఛాయాచిత్రము పట్టుకొనునది ఐదింటిలో ఒక్క రూపమును మాత్రమే, అదియు ఒక్క నిమిషపు రూపమును. ఇంత చిన్న వస్తువుపై ఇంత మమకారము తగునా?

తగునని చెప్పుటకు ఆ సిద్ధాంతములోనే ఒక దారి కలదు. మనిషి పోయినప్పుడు అతడు ఉండుట పోవును, కంటికి తోచుట పోవును. కాని అతడు ప్రియుడగుట పోదు. అది బ్రతికియున్నవారియందు మిగులును. అట్లు మిగిలిన ప్రియము నిలుచుటకు చోటులేక ఇల్లంతయు తిరుగును. ఖాళీ కుర్చీని చూచును, చిలుకకొయ్యకు తగిలించిన ఉత్తరీయమును తాకును. కొన్ని యేండ్లకు ఉత్తరీయము చినుగును, కుర్చీ చేతులు మారును. ముఖమును మనస్సు తనంతట తాను నిలుపుకొనజాలదు. తల్లిని కోల్పోయి పదియేండ్లయిన కుమారుని అడిగినచో ఆమె చేతివంట రుచి చెప్పును, కోపము వచ్చినప్పుడు అన్న మాట చెప్పును. ఆమె కనుబొమలు ఎట్లుండెడివని యడిగిన కొంతసేపు ఊరకుండును. ఈ ఊరకుండుటయే ఛాయాచిత్రమునకు పుట్టుక. దారితప్పి తిరుగుచున్న ప్రియమునకు అది కూర్చుండు పీట వంటిది.

ఛాయాచిత్రము రాకముందు మానవులు ఈ పీటకొరకు ఏమి చేసిరో సూరత్ నగరమే చూపగలదు. అచ్చటి ఆంగ్లేయుల శ్మశానవాటికలో ఆక్సెండెన్ సోదరుల సమాధి కలదు. క్రిస్టఫర్ 1659లో మరణించెను. వర్తక సంఘమునకు అధ్యక్షుడై 1664లో శివాజీ దండు వచ్చినప్పుడు కోఠీని కాచిన జార్జి 1669లో మరణించి తమ్ముని సరసనే చేరెను. గోపురములతో, స్తంభములతో మొగలాయి ప్రభువుల సమాధులకు పోటీగా లేచిన కట్టడమది. డచ్చివారి శ్మశానములో వాన్ రేడె సమాధి కలదు. మలబారు మొక్కలను గూర్చి 12 సంపుటముల మహాగ్రంథమును సిద్ధపరచినవాడతడు. ఏడువందలకు పైగా మొక్కలకు చిత్రములు వ్రాయించి, దేశభాషలలోని పేర్లను ప్రక్కన చేర్పించి, ఆకును కాయను మరువనీయక కాపాడిన ఆ మనుష్యుడు 1691లో సూరత్తుకు వచ్చుచు ఓడలో కన్నుమూసెను. ఆ సమాధులముందు నిలిచినవానికి రాయి కనబడును, పేరు కనబడును, ఐశ్వర్యము కనబడును. ముఖము కనబడదు. ఇంత వ్యయము చేసినను దక్కనిది, నేడు రైల్వే స్టేషను దగ్గరి చిన్న స్టూడియోలో కూలివానికి కొద్ది రూపాయలకు దక్కుచున్నది. చరిత్రలో ధనికుని చేతికందని వస్తువు పేదవానికి అందిన సందర్భములు అరుదు. వానిలో ఇది యొకటి.

వ్రాతతో ముఖమును నిలుపవచ్చునా యను ప్రయత్నమును ఇచ్చటనే జరిగినది. సూరత్తులో 1833లో పుట్టిన కవి నర్మదాశంకరుడు 1866లో తన ఆత్మకథను వ్రాసెను. గుజరాతీ భాషలో తొలి ఆత్మకథలలో ఒకటిగా దానికి పేరు. అప్పటికి ఛాయాచిత్రకళ పుట్టి పాతికేండ్లు దాటినది. 1839లో పారిస్ నగరమున ప్రకటింపబడిన ఆ విద్యకు 1854నాటికే బొంబాయిలో ఒక సంఘము వెలసినది. వ్రాతలో మనిషి స్వభావము నిలుచును, కలహములు నిలుచును, పశ్చాత్తాపము నిలుచును. చదువరి ముఖమును మాత్రము తానే కల్పించుకొనవలెను. తెలుగువారికి ఈ సంగతి బాగుగ తెలియును. 1847లో సిద్ధిపొందిన త్యాగరాజస్వామిని ఇంటింట పూజింతురు, కాని ఆ పటములోనిది చిత్రకారుని భక్తి. 1915లో మరణించిన గురజాడ అప్పారావుగారి తలపాగాను మాత్రము బడిపిల్లలు కూడ గుర్తుపట్టుదురు. ఒక్క తరములో ఎంత భేదము!

రూపమును దాచుకొనవలెనను కోరిక యంత్రముతో పుట్టినది కాదు. మన నాటకకర్తలు దీనిని ఎంతగా ఆలోచించిరో తలచుకొన్న ఆశ్చర్యము కలుగును. శాకుంతలమున ఆరవ అంకములో దుష్యంతుడు తాను వెడలగొట్టిన ప్రియురాలిని తానే చిత్రించుకొని, చిత్రములోని తుమ్మెదను అదలించును. ఇది చిత్రమని విదూషకుడు జ్ఞప్తిచేయగా, సజీవురాలిని మరల చిత్రముగ మార్చితివే యని వగచును. పటముముందు నిలిచి మాటలాడు మన ముత్తైదువలను చూచి నవ్వువారు ఈ ఘట్టమును చదువవలెను. స్వప్నవాసవదత్తమున అగ్నిలో దగ్ధమయ్యెనని ఉదయనుడు నమ్మిన వాసవదత్త, ఆవంతిక యను పేరుతో రెండవ రాణి పద్మావతి కడనే మెలగుచుండును. కడపటి అంకములో ఉజ్జయినినుండి ఒక చిత్రఫలకము వచ్చును. కూతురును అల్లుడును శాస్త్రోక్తముగ పెండ్లి కాకుండనే వెడలిపోయినందున తల్లిదండ్రులు వారి చిత్రములకు వివాహము జరిపించియుండిరి. ఆ ఫలకమునే పంపిరి. పద్మావతి దానిని చూచి, ఇది ఆవంతికవలె నున్నదే యని శంకించి, వెంటనే ఒక పని చేయును. ప్రక్కనున్న రాజు చిత్రము రాజును పోలియున్నదా యని చూచును. అది సరిగ నుండుటచేత ఇదియు సరిగనే యుండవలెనని నిశ్చయించుకొనును. చిత్రమునకు సాక్ష్యబలము ఎట్లు వచ్చునో ఇంత క్లుప్తముగ చెప్పిన చోటు మరియొకటి కానరాదు. పోయినదనుకొన్న మనిషి ఆ సాక్ష్యముతో తిరిగివచ్చును.

అయితే మన ప్రశ్నకు మిక్కిలి దగ్గరగ వచ్చినది ప్రతిమానాటకము. మేనమామ ఇంటినుండి తిరిగివచ్చుచున్న భరతుడు అయోధ్య వెలుపల, శుభసమయమునకై వేచియుండి, ఒక మందిరములోనికి పోవును. లోపల ప్రతిమలు. దిలీపుడు, రఘువు, అజుడు అని కాపరి పేర్లు చెప్పుచుండును. నాలుగవ ప్రతిమ దశరథునిది. భరతుని కాళ్లక్రింద నేల కదలును. బ్రతికియున్నవారి ప్రతిమలను కూడ ఇచ్చట నిలుపుదురా యని యడుగును. లేదు, గతించినవారివి మాత్రమే యని కాపరి సహజముగ బదులు చెప్పును. తండ్రి మరణవార్తను భరతునకు ఏ దూతయు తేలేదు, శిలయే తెచ్చినది. రామాయణమున లేని ఈ మందిరమును నాటకకర్త ఏల కల్పించెనో పండితులు పలువిధముల చెప్పుదురు. నేటి సూరత్తులో మగ్గముముందు నిలుచున్న తెలుగు కార్మికునికి ఆ వ్యాఖ్యానముల అవసరము లేదు.

సూరత్తులో లింబాయత్ మొదలగు పేటలలో తెలంగాణమునుండి వలసవచ్చిన పద్మశాలి కుటుంబములు తరతరములుగ నివసించుచున్నవి. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములలో చేతిమగ్గము కూడు పెట్టలేని దినములు వచ్చినప్పుడు కొందరు షోలాపురమునకు, కొందరు భివండికి, కొందరు ఇచ్చటికి మరమగ్గములను వెదకుకొనుచు వచ్చిరి. నగరపాలక సంస్థవారి బడులలో తెలుగు మాధ్యమముగ నడచునవియు ఏర్పడినవి. అహ్మదాబాదునుండి చెన్నైకి పోవు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్తును, వరంగల్లును కలుపుచు పోవును. ఆ బండికి ఆ పేరు పెట్టినవారు ఎవరిని తలచుకొనిరో కాని, అందులో వచ్చువారిలో అనేకులకు అది తగిన పేరే. మృత్యువును జయించిన మార్కండేయుని వంశములోనివారమని పద్మశాలీలు చెప్పుకొందురు. మృత్యువార్తను జయించుట మాత్రము ఆ వంశమువారికిని సాధ్యము కాలేదు. టెలిఫోను ఊరికొక్కటి కూడ లేని దినములలో, తంతి అందుటకు ఆలస్యమై, అందినను సెలవు దొరకక, దహనమునకు కాదు గదా పదునొకండవనాటికి సైతము చేరలేకపోయినవారు ఎందరో. అట్టివాడు నెలలు గడచిన పిమ్మట ఊరికి పోయి, బస్సు దిగి, ఇంటిలో కాలుపెట్టగానే గోడను చూచును. నిరుడు ఆ గోడమీద లేని పటము ఈ యేడు ఉన్నది. బొట్టు పెట్టియున్నది, దండ వేసియున్నది. అప్పుడతడు భరతుడు. ఆ గోడయే ప్రతిమాగృహము.

ఇంతవరకు భరతునితో పోలిక సరిగనే నడచును. ఇక్కడినుండి భేదించును, ఆ భేదములోనే ఈ విషయమందలి నీతిప్రశ్న యున్నది. దశరథుని చెక్కిన శిల్పి ఆయనను రాజుగ, నిండుదనముతో చెక్కెను. ఊరిలోని తల్లి పటములో ఉన్నది ఎవరు? పలుమార్లు అది ఎవరిదో పెండ్లిలో తీసిన గుంపు ఫోటోలో, మూడవ వరుసలో, సగము కొంగుచాటున నిలుచున్న ముఖము. చనిపోయిన తరువాత వెదకి, ఆ గోరంత ముఖమును కత్తిరించి, పెద్దది చేయించి, స్టూడియోవాడు కొంగునకు రంగువేసి, వెనుక నీలాకాశమును చేర్చి యిచ్చినది. అదియును లేనిచోట రేషన్ కార్డుమీది బొమ్మ. ఓటరు గుర్తింపు కార్డుమీది బొమ్మ. ప్రభుత్వమునకు తన ముఖము కావలసి వచ్చినందున మాత్రమే ముఖము మిగిలిన స్త్రీలు ఈ దేశమున కోట్లమంది. ఆ బొమ్మలలో వారు నవ్వరు. ఎదుట గుమాస్తా ఉన్నప్పుడు ఎవరు నవ్వుదురు? ఐదుగురు బిడ్డలను కని పెంచిన మనిషి లోకమునకు మిగిల్చిపోయిన ఏకైక రూపము, వరుసలో నిలుచుండి అలసిపోయిన ఒక మధ్యాహ్నపు రూపము.

ఇంతకంటె విషాదకరమైన ఆచారము మరియొకటి ఉండెడిది, కొన్ని పల్లెలలో నేటికిని పూర్తిగ పోలేదు. మనిషి పోయినతరువాత ఫోటోగ్రాఫరుకు కబురు పెట్టుట. శవమును కుర్చీలో కూర్చుండబెట్టి, తలకు వెనుకనుండి ఆధారము నిచ్చి, కుటుంబమువారు ఇరువైపుల నిలిచి తీయించుకొన్న ఫోటోలు పాత ఇండ్లలో దొరకును. నాగరికులు వానిని చూచి ముఖము త్రిప్పుకొందురు. అది న్యాయము కాదు. ఆ కుటుంబము క్రూరమైనది కాదు, ఆలస్యమైనది. డెబ్బది యేండ్లు ఎదుట తిరిగిన ముఖమును ఇంక చూడబోమని తెలిసిన గంటలో వారికి మిగిలిన దారి అదియొక్కటే. ఫోటో తీసిన ఆయుస్సు తగ్గునను భయముతో బ్రతికినన్నాళ్లు కెమెరాను తప్పించుకొన్న ముసలివారు, తుదకు ఆయుస్సు లేని ముఖముతో పటమెక్కిరి. జీవించియున్నవారిని జీవించియున్నప్పుడే చూడుమని చెప్పుటకు ఆ చిత్రములకంటె గట్టి సాక్ష్యము లేదు.

ఎవరి ముఖములు నిలిచినవి, ఎవరివి నిలువలేదు అను విచారణ చేసినచో ఒక కుటుంబపు ధర్మాధర్మములు బయటపడును. హైదరాబాదులో నిజాముగారి ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ 1892లో స్త్రీలకొరకై ప్రత్యేకముగ జనానా స్టూడియో ఒకటి తెరచెను. పరదాలోని స్త్రీలు నిస్సంకోచముగ వచ్చుటకు ఒక ఆంగ్ల వనిత దానిని నడిపెను. గోడలు ఎత్తుగ కట్టి, పరాయి పురుషుడు తొంగిచూడని ఏర్పాటు చేసినప్పుడుగాని స్త్రీ ముఖమునకు కాగితముమీద చోటు దొరకలేదు. అదియును సంపన్నులకే. సూరత్తుకు దక్షిణమున నున్న నవసారిలో 1913లో జన్మించిన హొమాయి వ్యారవాలా మన దేశమున పత్రికా ఛాయాచిత్రములు తీసిన తొలి మహిళ. 1947 ఆగస్టు వేడుకలను, మరుసటి యేడు గాంధీమహాత్ముని అంత్యయాత్రను కెమెరాతో పట్టినదామె. తొలిదినములలో ఆమె తీసిన చిత్రములు భర్త పేరుతో అచ్చయ్యెడివి. చూచిన కన్ను ఆమెది, క్రింద వ్రాసిన పేరు మరియొకరిది. గృహములలో జరుగుచున్నదియు ఇట్టిదే, కొంచెము తారుమారుగ. ఏ ఇంటి ఆల్బమునైనను విప్పిచూచిన, కెమెరా పట్టుకొన్నవారు ఏ పుటలోను ఉండరు. పిండివంట చేసినవారు పంక్తిలో ఉండరు. పుట్టినరోజు పండుగ ఫోటోలో కేకు, పిల్లలు, అతిథులు ఉందురు. వంటింటి గుమ్మముదగ్గర ఒక మోచేయి మాత్రము కనబడును. ఆ మోచేయి ఎవరిదో అందరికిని తెలియును, ఇప్పటికి.

ఫోటో తీయుటవలన జ్ఞాపకము బలపడదు, పైగా క్షీణించునని ఒక ఆక్షేపణ కలదు. ఇది కొత్తది కాదు. వ్రాత కనిపెట్టిన దేవత ఈజిప్టు రాజుకడకు పోయి, ఇది జ్ఞాపకశక్తికి ఔషధమని చెప్పగా, కాదు, దీనిని నమ్ముకొని జనులు మరచుట నేర్చుకొందురని రాజు బదులు చెప్పినట్లు ప్లేటో ఒక సంవాదమున వ్రాసెను. అమెరికాలో లిండా హెంకెల్ అను మనస్తత్వ శాస్త్రవేత్త 2014లో ప్రకటించిన ప్రయోగము రాజు పక్షమునే నిలిచినట్లుండును. మ్యూజియములో విద్యార్థులు ఊరక చూచిన వస్తువులకంటె ఫోటో తీసిన వస్తువులను మరునాడు తక్కువగ జ్ఞప్తికి తెచ్చుకొనిరి. యంత్రము చూచినదిగదా యని మనస్సు చూచుట మానివేసినది. కాని ఆ ప్రయోగములోనే రెండవ ఫలితము కలదు. వస్తువులో ఒక భాగమునకు దగ్గరగ కెమెరాను చేర్చి, అచ్చటనే దృష్టి నిలిపి తీసినవారికి ఈ నష్టము కలుగలేదు. పూర్వపు స్టూడియోలో ఇది తానంతట జరిగెడిది. ఒక్క ఫోటోకొరకు ఇంటిల్లిపాది స్నానములు చేసి, ఇస్త్రీబట్టలు కట్టి, బండికట్టుకొని పట్నమునకు పోయి, తాతగారి భుజముమీది కండువాను మనుమరాలు సవరించి, ఊపిరి బిగబట్టి నిలిచెడివారు. నేడు సెల్‌ఫోనులో ఒక సాయంకాలమునకు రెండువందల ఫోటోలు తీయుదురు. కండువా సవరించు చేయి మాత్రము అందులో తక్కువ. రెండువందలలో ఒక్కటైనను తీరికగ చూచి తీసినదైనచో చాలును.

ఫ్రెంచి రచయిత రోలాఁ బార్త్ తల్లి 1977లో మరణించెను. ఆమె ఫోటోలన్నియు ముందువేసికొని అతడు ఆమెను వెదకెను. వయసులోని ఫోటోలలో తల్లి పోలికలు కలవు, తల్లి లేదు. తుదకు ఆమె ఐదేండ్ల బాలికగ ఉన్నప్పటి, తాను పుట్టుటకు చాల ముందటి, పాతఫోటో ఒకదానిలో ఆమె దొరికెను. 1980లో అచ్చయిన ఆ గ్రంథమున ఎన్నో ఛాయాచిత్రములు వేసెను, ఆ ఒక్కదానిని వేయలేదు. ఇతరులకు అది ఎవరో ఒక పిల్ల ఫోటో మాత్రమే యగునని అతని భావము. పాశ్చాత్యుల వాదములు అన్నియు మన యిండ్లకు సరిపడవుగాని ఈ మాట సరిపడును. ఛాయాచిత్రమున రూపముండును. ప్రియము చూచువానియందుండును. ఈ రెండింటిని కలుపుటకు మూడవది యొకటి కావలెను. అది నామము.

తిరుమల దేవాలయమున ప్రవేశించువారు శ్రీకృష్ణదేవరాయలును ఇరువురు రాణులును చేతులు జోడించి నిలుచున్న లోహవిగ్రహములను చూతురు. వానిమీద వారి పేర్లు చెక్కబడియున్నవి. అంత గొప్ప చక్రవర్తికి పేరు చెక్కించుట అవసరమా యని ఆనాడు ఎవరైన నవ్వియుందురేమో! నేడు ఆ అక్షరములే లేకున్నచో తిరుమలదేవి ఎవరు, చిన్నాదేవి ఎవరు అని తేల్చువారు లేరు. రాజులకే ఇట్లుండగా నేతకార్మికుని ఇంటి మాట ఏమి చెప్పవలెను? పాత ఆల్బములలో సగము ముఖములకు పేర్లు లేవు. తీయించుకొన్ననాడు అందరికిని అందరును తెలియును గనుక వ్రాయలేదు. మొదటి తరము పేరుతో పిలుచును. రెండవ తరము, వీరు నాయనమ్మ వైపువారు అనును. మూడవ తరము, ఎవరో పెద్దవారు అని పుట త్రిప్పును. నాలుగవ తరము ఇల్లు మారునప్పుడు పాతకాగితములతోపాటు తూకమునకు వేయును. వరద చేయు పనిని ఇచ్చట నీరు లేకుండనే నాలుగు తరములు చేసినవి. సెల్‌ఫోనులో ఈ నాలుగు తరముల పని ఫోను పాడైన దినముననే ముగియవచ్చును.

2011 మార్చి 11వ తేదీన జపానులో సముద్రము పొంగి ఊళ్లను తుడిచివేసిన తరువాత, శిథిలములు తొలగించువారు బురదలో దొరికిన ఫోటోలను పారవేయక ప్రక్కన పెట్టిరి. యామామోతో అను ఒక్క ఊరిలోనే సుమారు 7,50,000 ఫోటోలు పోగైనవి. పరాయి ఊళ్లనుండి వచ్చిన స్వచ్ఛందసేవకులు, తమకు ఏమియు కాని మనుష్యుల ముఖములను ఒక్కొక్కటిగ నీటిలో కడిగి, ఆరబెట్టి, ఎవరివి వారు గుర్తుపట్టి తీసికొనుటకై పరచియుంచిరి. ఇది ఎట్టి పనియో గ్రహించుటకు ఫోటో తయారగు తీరు కొంచెము తెలియవలెను. పాత పద్ధతి ఫోటోలో బొమ్మ నిలుచునది జిలాటిన్ పొరలో. పశువుల తోలునుండి, ఎముకలనుండి తీయు జిగురు అది. తడిసినచో ఉబ్బును, ఎదుటి ఫోటోతో కలిసి ఆరినచో దానితో ఏకమైపోవును. కావున తడిసిన ఆల్బమును ఎండలో పెట్టుట మంచిది కాదు. తడిగ నున్నప్పుడే చల్లని శుభ్రమైన నీటిలో ఉంచి, మెల్లగ విడదీసి, బొమ్మవైపును తాకక, పైకి ఉండునట్లు నీడలో ఆరవేయవలెను. అద్దమునకు అంటుకొన్నదానిని లాగరాదు, అద్దముతోనే ఉంచి దానికి మరియొక ఫోటో తీయవలెను. వెంటనే తీరిక లేనిచో గట్టిగ శీతలీకరించి ఉంచినను చెడదు. తాపీతీరమున ఎన్ని ఇండ్లవారికి ఈ చిన్న సంగతి తెలిసియుండినచో ఎన్ని ముఖములు దక్కియుండెడివో!

కాని కడిగిన ముఖమునకు సొంతవారు కావలెను. యామామోతోలో పరచిన ఫోటోలలో సొంతవారు రానివియు వేలకొలది మిగిలిపోయినవి. సొంతవారే నీటిలో పోయినచో వచ్చువారెవరు? మన ఇండ్లలో అట్టి ప్రళయము రాలేదు. పేరు చెప్పగలవారు ఇంక మంచముమీద కూర్చుండియేయున్నారు. పెట్టె తెరచి, ఫోటోలను ఆమె ఒడిలో పోసి, ఎవరు ఎవరో చెప్పుమని ప్రక్కన కూర్చుండుటకు ఒక ఆదివారపు మధ్యాహ్నము చాలును. పెన్సిలు ఒకటి కావలెను. అవ్వ కండ్లద్దములు తుడుచుకొని మొదలుపెట్టును. ఇతడు మీ తాత. ఇతడు ఆయన తమ్ముడు, భివండికి పోయినవాడు మరల రాలేదు. ఈమె నా ఆడబిడ్డ. ఒక ఫోటోవద్ద ఆగి, దానిని వెలుతురువైపు త్రిప్పి, చాలసేపు చూచును. పదునారేండ్ల పడుచు, జడలో పూలు, చేతిలో ఎవరి బిడ్డయో. ఈమె ఎవరని మనుమరాలు అడుగును. నేనే, అని అవ్వ చెప్పును. మనుమరాలు పెన్సిలు పట్టుకొని వెనుకవైపు త్రిప్పి, వ్రాయబోయి, తలయెత్తి, అవ్వ అసలు పేరు ఏమని యడుగును.